సాల్మన్ గారి నవలలు, ఇంటివారి సాక్ష్యం

సాల్మన్ గారు బుద్ధెరిగాక ఒక్కసారే జబ్బు పడ్డారు. అది ఎనభై ఆరు, గోదావరికి పెద్ద వరదొచ్చిన ఏడు. ఆ వరదలో ఒక గేదె ధవళేశ్వరం ఆనకట్ట మీంచి దూకి, యానాం దగ్గర ఒడ్డెక్కి, అక్కడే ఈని, దూడను వెంటబెట్టుకుని నడుచుకుంటూ ఇంటికొచ్చిందని చెప్పుకునేవారు. ఆ గేదె జున్ను తిన్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. లోకం ఇలా అల్లకల్లోలమవుతుంటే సాల్మన్ గారు మాత్రం ఒక మిషన్ ఆసుపత్రిలో పద్నాలుగో నంబరు మంచం మీద టైఫాయిడ్‌తో ఇరవై ఒక్క రోజులు పడుకున్నారు. జ్వరం ఇరవై రెండో రోజున దిగింది. అక్కడ తగులుకున్న రెండో జబ్బు ముప్పై ఎనిమిదేళ్లయినా దిగలేదు.

ఆ రెండో జబ్బు పేరు ఆశాజ్యోతి. నర్సు. ఎడమచేతి వాటం మనిషి. థర్మామీటరును ఎడమచేత్తో రెండుసార్లు విదిలించి, వెలుతురుకెత్తి చూసి, "తగ్గుతుందిలెండి" అనేది. వార్డులో ఉన్న ముప్పై మందితోనూ అదే మాట అనేది. అందులో ముప్పయ్యో వంతు మాత్రమే తన వాటాకొచ్చిందని సాల్మన్ గారికి తోచలేదు. మొత్తం తనకే అనుకున్నారు. అప్పటికి ఆయనకు పెళ్లై ఎనిమిది నెలలు. భార్య తబిత రోజూ మధ్యాహ్నం మోకాలి లోతు నీళ్లలో నడిచి స్టీలు క్యానులో జావ తెచ్చేది. ఆ జావ తాగుతూ ఆయన వార్డు గుమ్మం వైపు చూసేవారు.

అన్ని రోజుల్లోనూ ఆయన ఆశాజ్యోతితో అన్న మాట ఒక్కటే: "మందు చేదుగా ఉందండి." తర్వాత కొన్నాళ్లకు ఆమె కువైట్ వెళ్లిపోయిందని తెలిసింది. అనలేకపోయిన మాటలన్నీ కడుపులో పులిసి పొంగాయి. ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం చేస్తూ, కాలవల పూడికతీత ఫైళ్ల చాటున ఆయన ఒక ప్రేమ నవల రాశారు. దాన్ని బెజవాడలో ఒక పబ్లిషరుకు పంపితే పోస్టుకార్డు మీద జవాబొచ్చింది. 'నవల బాగుంది. కాని ప్రేమ నవల మీద మగవాడి పేరు వేస్తే, పెళ్లికూతురికి మీసాలు పెట్టి పీటల మీద కూర్చోబెట్టినట్టుంటుంది. మీ ఇంట్లో ఆడపేరేదైనా ఉంటే పంపగలరు.'

అమ్మ పేరు ప్రేమ నవలకు పనికిరాదు. ఇక ఇంట్లో మిగిలిన ఆడపేరు ఒకటే. ఆవిడ అప్పుడు పెరట్లో కూర్చుని కొయ్యింగ చేపలు బాగుచేస్తోంది.

"నీ పేరు వాడుకుంటాను తబితా."

"వాడుకోండి. దాంతో నాకేం పనుంది? పిలిచేవాళ్లు లేరు కదా," అంది పొలుసు గీకుతూ.

పన్నెండేళ్లలో పదకొండు నవలలొచ్చాయి. అట్ట మీద రచన: తబిత. లోపల ప్రతి నాయికా ఎడమచేతి వాటమే. ఎడమచేత్తో పువ్వులు కోసేది, ఎడమచేత్తో తలుపు తీసేది, ఒకావిడైతే ఎడమచేత్తో నాయకుడి చెంప పగలగొట్టింది. ప్రతి నవల్లోనూ ఒక అధ్యాయం నిండా ఒక ఉత్తరముండేది. నాయకుడు నాయికకు రాసినట్టే ఉండేది గాని, అది సాల్మన్ గారు కువైట్‌కు రాసింది. ఎక్కడో ఒక రాత్రి డ్యూటీలో ఆమె ఆ పేజీ చదివి, 'అరే, ఇది నాకే!' అనుకుంటుందని ఆయన ఆశ. ప్రేమలేఖ రాసి కింద పెళ్లాం పేరు పెట్టినవాడికి జవాబు ఎట్నుంచొస్తుందో ఆయనే ఆలోచించుకోవాలి. ఆలోచించుకోవడానికి ఆయనకు మూడో నవల దాకా పట్టింది. అప్పటికే పేరు స్థిరపడిపోయింది, పబ్లిషరు మార్చనన్నాడు.

తర్వాత టీవీ సీరియళ్లొచ్చి నవలల్ని మింగేశాయి. సాల్మన్ గారు రిటైరయ్యారు. మొన్న ఇరవై మూడులో ఆ పబ్లిషరు కొడుకు ఫోను చేశాడు.

"అంకుల్, గోడౌన్ ఖాళీ చేస్తున్నామండి. ఆంటీగారి పుస్తకాలు మూడు వేల దాకా ఉన్నాయి. మీరు పట్టుకెళ్తారా, అట్టపెట్టెల ఫ్యాక్టరీకి వేసెయ్యమంటారా?"

సాల్మన్ గారు ఒక ట్రక్కు ఆటో మాట్లాడుకుని వెళ్లి మూడు వేలూ తెచ్చుకున్నారు. ఆ గోడౌన్లోకి మూడుసార్లు వాన నీళ్లొచ్చాయట. పక్కనున్న వ్యాకరణ పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి గాని ఈ నవలల మీద చుక్క పడలేదట. లోపల అప్పటికే అంత ఏడుపుండబట్టి నీళ్లు కూడా జంకి పక్కకు తప్పుకున్నాయని ఆటో డ్రైవరు సాక్ష్యం.

"ఇవన్నీ ఎక్కడ పెడతారండీ?" అంది తబితమ్మ.

"మంచం కింద."

"మంచం మీదే పెట్టుకోండి. కింద మీరు పడుకుందురుగాని."

అక్కడ మొదలైంది సాల్మన్ గారి తిరుగుడు. పదకొండు నవలలూ మళ్లీ జనంలోకి వెళ్తే, వాటిలో ఒకటి ఎప్పటికైనా ఆవిడ చేతికి చిక్కుతుంది. అరవై ఆరేళ్ల మనిషికి బతకడానికి ఆ ఒక్క ఊహ చాలింది. సంచీలో పాతిక పుస్తకాలు వేసుకుని బస్సులెక్కారు. బస్టాండు పుస్తకాల కొట్టువాడు పోటీ పరీక్షల గైడ్ల పక్కన రెండు పెట్టి, వారం తర్వాత వాటి మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు. బ్యూటీపార్లర్లలో తలా నాలుగు పంచిపెట్టారు. జుట్టుకు రంగేసేటప్పుడు కింద పరచడానికి బాగున్నాయని కబురొచ్చింది. ఉప్పాడలో ఒక చీరల కొట్టాయనతో ఒప్పందం కుదుర్చుకున్నారు. పట్టుచీర కొన్నవాళ్లకు ఒక నవల ఉచితం. పది రోజుల తర్వాత వెళ్లి చూస్తే కట్ట కట్టినట్టే ఉంది.

"ఏమనుకోకండి సాల్మన్ గారూ," అన్నాడాయన. "నవలొద్దు, ఆ బదులు జాకెట్టు ముక్క ఇమ్మంటున్నారండి. ఒకావిడైతే, నవల ఇస్తే చీరలో ఏదో లోపముందేమోనని చీర కూడా వదిలేసి వెళ్లిపోయిందండి."

ఆషాఢంలో పెద్దాపురం మరిడమ్మ జాతరలో గాజుల కొట్ల వరుసలో ఒక బల్ల అద్దెకు తీసుకుని కూర్చున్నారు. వచ్చేవాళ్లు వస్తున్నారు, పోయేవాళ్లు పోతున్నారు, బల్ల దగ్గర ఆగినవాళ్లు మరుగుదొడ్లెటని అడుగుతున్నారు. పక్కన గాజులమ్మే నాగదుర్గ సాయంత్రం దాకా చూసి చూసి ఇక ఉండబట్టలేకపోయింది.

"బాబుగారూ, ప్రేమ పుస్తకాలు మీరమ్మితే ఎవరు కొంటారండీ? మిమ్మల్ని చూస్తే కరెంటు బిల్లు కొట్టడానికొచ్చినట్టున్నారు."

"మరేం చెయ్యమంటావమ్మా?"

"రాసినావిడ మీ ఇంటావిడేనన్నారుగా. ఆవిడని తెచ్చి కూర్చోబెట్టండి. నా గాజులు నేను తొడుక్కుని చూపిస్తేనే కదా కొంటారు?"

ఆ సలహా సాల్మన్ గారికి చేదు మందే. అయినా మింగారు. పుస్తకాలు వెళ్లాలి, వెళ్తేనే ఆవిడకు చేరతాయి. మర్నాడు తబితమ్మను తీసుకొచ్చారు. ఆవిడ చర్చిలో నలభై ఏళ్లుగా ఆదివారపు బడి పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి, నలుగురిలో కూర్చోవడం కొత్త కాదు. నెమలికంఠం రంగు చీర కట్టుకుని, కళ్లజోడు సర్దుకుని, బల్ల వెనక కూర్చుంది. అరగంటలో చుట్టూ ఆడవాళ్లు చేరారు.

ఒక కాలేజీ లెక్చరరు 'ముద్దబంతి రేవు' పట్టుకుని, "ఇది మా అమ్మ దాచుకున్న నవలండీ! చివర్లో హీరోని అన్యాయంగా చంపేశారేంటండీ?" అంది.

సాల్మన్ గారు చిల్లర లెక్క మధ్యలో ఆపేశారు. తబితమ్మ ఆ నవలలు తెరిచి చూడగా ఆయన ఏనాడూ చూడలేదు.

"బతికుంటే ఏం చేసేవాడమ్మా?" అంది తబితమ్మ. "టీ అడిగేవాడు."

జాతర మొత్తం పగలబడి నవ్వినట్టయింది. నాగదుర్గ కూతురు ఆ మాటను ఫోనులో వీడియో తీసి పెట్టింది. వారం తిరక్కుండా దాన్ని లక్ష మంది చూశారు. ఆ లక్షలో సగం మంది మొగుళ్లకు ఆ వారం టీ లేదని వినికిడి. ఆదివారాలు ఫంక్షన్లకు పిలుపులొచ్చాయి, మహిళా సంఘాలు శాలువాలు కప్పాయి. హైదరాబాదు నుంచి ఒక ఆడియో కంపెనీవాళ్లు పదకొండు నవలలూ ఆవిడ గొంతుతోనే చదివించి పెడతామన్నారు. తబితమ్మ సంతకం రోజురోజుకూ వంపులు తిరిగింది. సాల్మన్ గారు అట్టపెట్టెలు మోశారు. ఎవరైనా "మీరు?" అనడిగితే, "మావారండి, పెట్టెలు చూసుకుంటారు," అని ఆవిడే పరిచయం చేసేది.

ఇదంతా ఆయన ఓర్చుకున్నారు. ఓర్పుకు ఫలితం మరుసటి ఏడు అక్టోబరులో దొరికింది. చర్చి పాస్టరు ఆరోన్ అయ్యగారు ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర ఆపారు.

"తబితమ్మ గారూ, మీకో అభిమాని ఉందండి. మా ఆశాజ్యోతి పిన్ని. ఇదివరకు ఇక్కడే నర్సుగా చేసింది. కువైట్ నుంచి వచ్చేసి తణుకులో ఉంటోంది. మీ నవలలన్నీ చదివిందట. మన కోత పండుగకి వస్తానంటోంది, మిమ్మల్ని చూడాలని."

సాల్మన్ గారు చర్చి మెట్టు మీద కూర్చుండిపోయారు. తబితమ్మ మాత్రం, "తప్పకుండా రమ్మనండి," అంది. అంటూ భర్త వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపు ఆయన చూడలేదు. ఆయన చెవుల్లో ఒకే మాట గింగిరాలు తిరుగుతోంది: నవలలన్నీ చదివిందట. అంటే ఉత్తరాలన్నీ అందాయి! పదకొండుకు పదకొండూ అందాయి. రాసిందెవరో ఒక్కటే తెలియదు. ఆ ఒక్క ముక్కా ఆమె చెవిన పడితే చాలు. ఆ మీదట దేవుడు ఎప్పుడు పిలిచినా వెళ్లడానికి ఆయన సిద్ధం.

ఎలా చెప్పాలి? విడిగా పిలిచి చెబితే ముసలాడి చాదస్తమనుకుంటుంది. అలాంటి మాటకు పదిమంది సాక్షులుండాలి. సాల్మన్ గారి బుర్రలో కోత పండుగ వేలం వెలిగింది.

ఆ సంఘంలో కోత పండుగంటే ఇలా ఉంటుంది. ఎవరి చేతి కష్టం వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్లు, కుట్టిన దిండుగలేబులు, పెట్టిన ఆవకాయ జాడీలు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. పాడుకున్నవాడు గొప్పకు పోయి దాన్ని మళ్లీ చర్చికే ఇచ్చేస్తే మళ్లీ వేలం. అలా ఒక ఆనపకాయ పద్నాలుగుసార్లు చేతులు మారి, చివరికి మోటారు సైకిలు ధర పలికి, ఎవరూ తినకుండానే ముదిరిపోయిందని చెబుతారు. ఒక ఏడాది ఒక పెద్దమనిషి సంతలో కొన్న గుమ్మడికాయను తన పెరటిదని పెట్టాడు. వేలం పాట మధ్యలో కాయ దొర్లితే అడుగున సున్నంతో రాసిన సంత ధర కనబడింది. అప్పట్నుంచీ ఒక నియమం పెట్టారు. వేలం వేసే పెద్ద, "ఇది ఎవరి చేతి కష్టం?" అనడుగుతాడు. ఇచ్చినవాడు తన పేరు చెప్పాలి. ఆ పైన, "ఇంటివారి సాక్ష్యం?" అంటే ఆ ఇంటి మనిషొకరు లేచి అవుననాలి. అప్పుడు సంఘమంతా ఆమెన్ అంటుంది. ఇక దాని మీద ఎవరూ మాట్లాడకూడదు.

సాల్మన్ గారు అక్కడే పొరబడ్డారు. నలభై ఏళ్లు పిల్లలకు అబద్ధ సాక్ష్యం మహాపాపమని నేర్పిన తన భార్య, బలిపీఠం ముందు, సంఘం ముందు అబద్ధమాడదని నమ్మారు. ముందుగా ఆవిడ చెవిన వెయ్యనవసరం లేదనుకున్నారు.

పెళ్లికార్డుల ప్రెస్సు నడిపే త్రిమూర్తులు దగ్గరకు వెళ్లి, ఆఖరి నవల 'పదకొండో ఉత్తరం' ఒక్క ప్రతికి కొత్త అట్ట వేయమన్నారు. రచన: సాల్మన్.

"ఒక్కటేనా?" అన్నాడు త్రిమూర్తులు. "పేరెంత సైజులో వెయ్యమంటారు?"

"కనబడేలా."

"పెళ్లికొడుకు పేరంత వేస్తాను."

వేశాడు. దూరం నుంచి చూస్తే సాల్మన్ గారికి ఎవరితోనో పెళ్లన్నట్టే ఉంది.

నవంబరులో కోత పండుగ వచ్చింది. ముందు వరసలో, పాస్టరుగారి భార్య పక్కన, తెల్ల జుట్టు ముడేసుకున్న ఒకావిడ కూర్చుంది. పాటల పుస్తకం పేజీలు ఎడమచేత్తో తిప్పుతోంది. సాల్మన్ గారు ఆ రోజు ఏ పాటా పాడలేదు.

వేలం వేసేది బుల్లియ్య గారు. ఆయన గొంతెత్తితే గోదావరి అవతల కొవ్వూరులో గేదెలు తాడు తెంచుకుంటాయని పేరు. గుమ్మడికాయలయ్యాయి, అరటిగెలలయ్యాయి. ఒక నాటుకోడి పుంజును ముగ్గురు పాడి ముగ్గురూ తిరిగిచ్చారు. దాన్ని బెంచీ కోడుకు కట్టేసి ఆయన బల్ల మీంచి పుస్తకం తీశారు.

"తర్వాత... పదకొండో ఉత్తరం! మన తబితమ్మ గారి నవల! రచన... ఏంటండీ సాల్మన్ గారూ, ప్రెస్సువాళ్లు మీ పేరేసేశారు?"

నవ్వులు. సాల్మన్ గారు లేచారు.

"పొరపాటు కాదండి. అది నా చేతి కష్టమే. పదకొండూ నేనే రాశాను. పబ్లిషరు అడిగితే తబిత పేరు పెట్టాను."

ముందు వరసలో తెల్ల ముడి ఇటు తిరిగింది. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత ఆ కళ్లు మొదటిసారి ఆయన్ను చూశాయి. ఆ క్షణాన సాల్మన్ గారికి మళ్లీ నూట మూడు డిగ్రీలు.

బుల్లియ్య గారు గొంతు సవరించుకున్నారు. నియమం నియమమే. "ఇంటివారి సాక్ష్యం?"

తబితమ్మ నెమ్మదిగా లేచింది. కొంగు భుజం చుట్టూ తిప్పుకుంది. భర్త వైపు జాలిగా చూసింది. ఆ జాలిని ఆవిడ ఎన్నాళ్ల నుంచి కాచి వడపోసి ఉంచిందో గాని, చాలా చిక్కగా ఉంది.

"మావారి దస్తూరీ బాగుంటుందండి," అంది. "నేను చెబుతుంటే తను రాసిపెట్టేవారు. అన్నేళ్లు రాసీ రాసీ, ఇప్పుడు తనవేననుకుంటున్నారు. వయసు కూడా వచ్చింది కదండీ. ఏమీ అనకండి ఆయన్ని."

బెంచీ కోడుకు కట్టిన పుంజు కూసింది. సంఘంలో ఒకరిద్దరికి బైబిల్లో అబద్ధమాడగానే కూసిన కోడి గుర్తొచ్చినట్టయింది గాని, భోజనాల వేళ దగ్గర పడుతుండడంతో ఎవరూ పట్టించుకోలేదు. "అయ్యో పాపం," అన్నారు ఆడవాళ్లు. "మా మావగారికీ ఇలాగే మొదలైందండి," అన్నారెవరో. ఆరోన్ అయ్యగారు కళ్లు మూసుకుని చేతులెత్తారు. "మన సహోదరుడు సాల్మన్ గారి జ్ఞాపకశక్తి కోసం ఒక్క నిమిషం ప్రార్థన చేద్దాం." సంఘమంతా తలలు వంచింది. సాల్మన్ గారు కూడా వంచారు, అలవాటు. చివర్న ఆమెన్ కూడా అన్నారు.

తర్వాత పుస్తకం వేలం జోరుగా సాగింది. బుల్లియ్య గారే పాడి తిరిగిచ్చారు. మిల్లు యజమాని పాడి తిరిగిచ్చాడు. మూడోసారి ముందు వరసలో ఒక ఎడమచెయ్యి లేచింది.

"నేను తీసుకుంటానండి. తిరిగివ్వను."

మునిగేవాడికి గడ్డిపోచ చాలు. ఉంచుకుంటానంది కదా, అనుకున్నారు సాల్మన్ గారు. ఇంటికెళ్లి ఆ అట్ట చూస్తుంది. ఏనాటికైనా ఆలోచిస్తుంది.

భోజనాల పందిట్లో ఆవిడ పుస్తకం పట్టుకుని నేరుగా వాళ్ల బల్ల దగ్గరికే వచ్చింది. తబితమ్మ పక్కన కూర్చుంది.

"కువైట్లో నైట్ డ్యూటీల్లో మీ నవలలే నాకు తోడమ్మా. మా అక్క తణుకు నుంచి పచ్చళ్లతో పాటు పంపేది. ఒకటడుగుతాను. హీరోయిన్లందరికీ ఎడమచేతి వాటమే పెట్టారేంటి, నాలాగ? ఎవరినైనా చూసి రాశారా?"

"చూశానమ్మా ఒకావిడని," అంది తబితమ్మ, అన్నంలో పులుసు కలుపుతూ. "ఇరవై ఒక్క రోజులు చూశాను."

సాల్మన్ గారి చేతిలో ముద్ద విస్తట్లోకి జారింది.

"ఉత్తరాలు మాత్రం, ఏమనుకోకండేం, తిప్పేసేదాన్ని," అని నవ్వింది ఆశాజ్యోతి. "అంతంత పొడుగు! జ్వరమొచ్చినవాడు కలవరించినట్టుంటాయి. మా వార్డులో అవి వినీ వినీ విసుగొచ్చి ఉండేదాన్ని కదా. అదే ఆ వంటింటి మాటలు, అత్తాకోడళ్ల దెబ్బలాటలు, ఆ చేపల పులుసు దగ్గర చురకలు, అబ్బ! రెండేసిసార్లు చదివేదాన్ని. అక్కడే తెలిసిపోతుందమ్మా, ఇది ఆడమనిషి చెయ్యని."

సాల్మన్ గారు ఇక ఆగలేకపోయారు. "నేను పద్నాలుగో నంబరు మంచమండి. ఎనభై ఆరు, వరదల్లో. టైఫాయిడ్."

ఆశాజ్యోతి ఆయన ముఖంలోకి చూసింది. నర్సు చూసే చూపు. ప్రార్థన చేయించుకున్న పెద్దాయన కదా అని గొంతు మెత్తగా పెట్టుకుంది.

"అలాగాండీ? తగ్గిందా?"

"తగ్గింది," అన్నారు సాల్మన్ గారు.

ఆవిడ పుస్తకం తబితమ్మ ముందుకు జరిపింది. "సంతకం పెట్టివ్వండమ్మా." తబితమ్మ చెయ్యి కడుక్కొచ్చి, భర్త వైపు అరచెయ్యి చాపింది. ఏడాదిగా అలవాటైన పని. ఆయన జేబులోంచి పెన్ను తీసి, మూత తీసి అందించారు. ఆవిడ పెళ్లికొడుకు పేరంత ఉన్న ఆ పేరు మీద ఒక అడ్డగీత గీసింది. వంకర పోకుండా, స్కేలు పెట్టినట్టు. కింద వంపులు తిరిగిన సంతకం పెట్టింది.

ఇద్దరూ స్కూటరు మీద ఇంటికి బయల్దేరారు. కంబాలచెరువు దగ్గర సిగ్నలు పడితే ఆయనే నోరు తెరిచారు.

"బలిపీఠం ముందు అంత అబద్ధం ఎలా చెప్పావే?"

"ఏది అబద్ధం? ఆ వంటింటి మాటలెవరివి? నేను మీ అమ్మతో పడ్డ మాటలు. మీరు గుమ్మంలో కూర్చుని కాగితాల మీద గీక్కునేవారు కదా! నేను చెబుతుంటే మీరు రాశారనే చెప్పాను."

"మరి ఉత్తరాలో?"

"అవి ఎవరూ చదవలేదటగా. ఆవిడే చెప్పింది."

వెనక బస్సు హారను కొట్టింది. సిగ్నలు ఎప్పుడు మారిందో ఆయన చూసుకోలేదు. స్కూటరు కదిలాక వెనకనుంచి ఆవిడ గొంతు మళ్లీ వినిపించింది. కోపంగా లేదు, సంతలో సరుకుల చీటీ చదివినట్టుంది.

"మీ నవలలు వచ్చినవి వచ్చినట్టు చదివానండి, మీరు ఆఫీసుకెళ్లాక. ఎడమచెయ్యి ఎవరిదో మొదటి దాంట్లోనే తెలిసింది. అది కాదు నా బాధ. ఇరవై ఒక్క రోజులు వరద నీళ్లలో జావ తెచ్చాను. పాముకాటు తప్పిపోయింది ఒకరోజు. పదకొండు నవలల్లో ఎక్కడైనా ఒక్క గ్లాసు జావ ఉంటుందేమోనని చూశాను. ఎవరైనా ఎవరికైనా ఇస్తారేమోనని. ప్రతిసారీ ఆఖరి పేజీ దాకా చూశాను."

సాల్మన్ గారికి నిజంగానే ఆ జావ రుచి గుర్తు తెచ్చుకుందామనిపించింది. గుర్తు రాలేదు.

మంగళవారం తణుకు నుంచి ఫోనొచ్చింది. ఆశాజ్యోతి గారికి మిగతా పది నవలలూ కావాలి, తబితమ్మ గారి సంతకంతో. తబితమ్మ పదింటి మీదా సంతకాలు చేసి, "ప్యాక్ చెయ్యండి," అని ఆడియో రికార్డింగుకు వెళ్లిపోయింది. సాల్మన్ గారు గోధుమరంగు కాగితం చుట్టారు, పురికొస కట్టారు. తన చక్కటి దస్తూరీతో ఆమె పేరూ చిరునామా రాశారు. ముప్పై ఎనిమిదేళ్లలో ఆమె పేరు ఆయన కాగితం మీద పెట్టడం అదే మొదలు. కింద ఎడమ పక్కన పంపినవారి పేరు రాయాలి. పోస్టాఫీసు రూలు, ఎవరూ కాదనలేనిది. సాల్మన్ అని రాశారు. ఒక్కొక్క అక్షరం ఆరేదాకా ఊదారు. తలుపు తీసి ఆమె మొదట చూసేది కవరు మీదున్నదే కదా అనుకుంటూ పోస్టాఫీసుకు నడిచారు.

కౌంటరులో కుర్చీ వేసుక్కూర్చున్న మాణిక్యాంబ పార్శిలు తూచింది. కంప్యూటరులో ఏదో కొట్టింది. బార్‌కోడు చీటీ వెనక కాగితం ఊడదీసి, పార్శిలు మీద కింద ఎడమ పక్కన, పంపినవారి పేరు మీద అంటించి, బొటనవేలితో గట్టిగా రుద్దింది.

"అమ్మా, అక్కడ పేరుందండి."

"ఎక్కడో ఒకచోట అంటించాలి కదండీ," అంది ఆవిడ తలెత్తకుండా. "వెళ్లాల్సిన చోటు కనిపిస్తోంది. చాలదా? తర్వాతెవరండీ?"